బాబాయిగారి మగచేప

నేను పాఠం చెప్పేది తాడేపల్లిగూడెంలో, కాపురం ఏలూరులో, బుర్ర మాత్రం కొల్లేటి గట్టున ఒక రేకుల షెడ్డులో. ఈ మాట మావారిది. నన్ను దెప్పడానికి అంటారు గానీ అందులో అబద్ధమేమీ లేదు. మూడేళ్ళుగా వానాకాలం వచ్చిందంటే కాలేజీ అయ్యాక నేను తిన్నగా ఇంటికి రాను. భీమడోలులో రైలు దిగిపోతాను. స్టేషన్ బయట ఆటోవాళ్ళు నన్ను చూడగానే "కొండకాండీ?" అంటారు. అక్కడ దిగేవాళ్ళలో ఎక్కువమంది ద్వారకా తిరుమల వెళ్ళేవాళ్ళే. "కొండకి కాదు, కొల్లేటికి" అంటే వాళ్ళ మొహంలో ఉత్సాహం చప్పున పోతుంది. రోడ్డు బాగుండదు మరి.

ఆ షెడ్డులో నేను చేసేది మార్పు చేపల్ని పిల్లలు పెట్టించడం. ఈ చేపకు పొలుసులుండవు. నల్లటి జారుడు ఒళ్ళు, మూతి చుట్టూ మీసాలు, రెక్కల దగ్గర చెరొక ముల్లు. పొలాల మధ్య బోదెలో నీళ్ళు ఇంకిపోయినా బురదలో పడుకుని గాలి పీల్చుకుంటూ బతికేస్తుంది. నా చిన్నప్పుడు జ్వరం పడి లేచినవాళ్ళకి, బాలింతలకి మార్పు పులుసు పెట్టేవారు. మా అమ్మ చర్చి నుంచి వస్తూ సంత దగ్గర ఆగి, బతికున్నవాటిని బిందెలో వేయించుకుని తెచ్చేది. ఇప్పుడు నా క్లాసులో పిల్లలు రికార్డులో దాని బొమ్మ గీస్తారు, భాగాల పేర్లు రాస్తారు, మంచి మార్కులు తెచ్చుకుంటారు. చేపను మాత్రం చూడలేదు.

అది ఎటు పోయిందీ అంటే, ఎటూ పోలేదు, మనమే తీసేశాం. చెరువు తవ్వాక పెంపకం చేప పిల్లల్ని వదిలే ముందు నీళ్ళు తోడి, మిగిలిన గుంటల్లో బ్లీచింగ్ చల్లి, ఉన్న ప్రాణినల్లా చంపుతారు. బొచ్చె, శీలావతి కాకుండా ఏముంటే అది కలుపు చేప. వరిలో కలుపు తీసినట్టే ఇదీను. ఆపైన విదేశీ క్యాట్‌ఫిష్ ఒకటి దిగి, కాలవల్లో మిగిలినవాటిని మింగింది. తప్పు ఫలానావారిదని చెప్పలేను. ఆ చెరువుల మీద బతికినవాళ్ళ పిల్లలే నా దగ్గర చదువుకుంటున్నారు.

మా కాలేజీకి చిన్న ప్రాజెక్టు ఒకటి వచ్చింది. ఎక్కడైనా మిగిలిన నాలుగైదు జతల్ని పట్టి, తొట్టెల్లో పిల్లలు పెట్టించి, పెంచి, చెరువులు పాకని బోదెల్లో వదలాలి. పుస్తకంలో ఇది రెండు పేజీలు. చేపపిల్లల హేచరీ నడిపే ఆయన ఒకరు తమ వెనకవైపు షెడ్డు వాడుకోమన్నారు. దాంతోపాటు బాబాయిగారిని కూడా ఇచ్చారు.

బాబాయిగారంటే నాకు చుట్టమేమీ కాదు. డెబ్బై దాటిన మనిషి, కొల్లేటి లంక ఊరాయన. ఆ హేచరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి మానేశారు. మానేసినా రోజూ ఒకసారి వచ్చి చెరువులు చూసుకుని పోతారు. మొదటి రోజు నేను మార్పు చేపలు కావాలంటే ఆయన చెరువుల వైపు తిరిగి చూశారు. తర్వాత, "ఎన్ని చంపేనో లెక్కలేదండీ. ఇప్పుడు బతికున్నది కావాలంటున్నారు. చూద్దామండీ," అన్నారు.

చూశారు కూడా. మొదటి ఏడాది బోదెల్లో, పాత కాలవ మలుపుల్లో చేపలు పట్టే వెదురు మావులు పెట్టి, వారం తిరక్కుండా ఎనిమిది చేపలు తెచ్చారు. క్యాన్ మూత తీసి చూసి నేను కెవ్వుమన్నాను. ఎనిమిదింటికీ రెక్కల ముళ్ళు మొదలంటా విరిచేసి ఉన్నాయి.

"మీరు ఆడకూతురు కదండీ. చేతికి గుచ్చుకుంటే రెండ్రోజులు సలుపుతుందండీ. అందుకని తీసేశాను," అన్నారు, ఎంతో మర్యాదగా.

అక్కడ మార్పు చేపను మంచివాళ్ళ ఇంటికి పంపేటప్పుడు ముళ్ళు విరిచి పంపడం పద్ధతట. ఎవరికి పంపితే వాళ్ళు కోసి వండుకునేవారే గానీ, ఇంజెక్షన్ చేసి పిల్లలు పెట్టించేవారు ఆయనకి ఎప్పుడూ తగల్లేదు. విరిగినచోట పుండ్లు పడి పది రోజుల్లో అన్నీ పోయాయి. నాకు నోరు కాస్త పెద్దది. క్లాసులో పిల్లల్ని కేకలేసినట్టే ఆయన్నీ కేకలేశాను. ఆయన తలవంచుకుని విని, "పొరపాటేనండీ," అన్నారు. అంతే, ఆ ఏడు కోత దాకా రాకుండానే సీజను ముగిసింది.

ఆ కోత సంగతే నేను చెప్పవలసింది.

బొచ్చె, శీలావతి అయితే ఆడవాటికీ మగవాటికీ హార్మోన్ ఇంజెక్షన్ చేసి ఒక తొట్టెలో వదిలితే వాటి పని అవి చూసుకుంటాయి. తెల్లారాక మగవాటిని జాగ్రత్తగా తీసి మళ్ళీ చెరువులో వేస్తారు. మార్పు చేప తొట్టెలో అలా కలవదు. ఆడదాని పొట్ట నొక్కితే గుడ్లు వస్తాయి. మగదాన్ని ఎంత నొక్కినా చుక్క రాదు. పొట్ట కోసి, లోపలి బీజాన్ని బయటికి తీసి, సెలైన్‌లో నలిపి ఆ నీళ్ళు గుడ్ల మీద పోయాలి. అంటే ప్రతి ఈతకీ మగచేప చావాలి. చేపను కాపాడ్డానికి చేపను కోస్తావా అని మావారు నవ్వారు. నేనూ నవ్వాను. వేరే దారి లేదు.

రెండో ఏడు జూలై నాటికి మూడు ఆడచేపలు సిద్ధమయ్యాయి. పొట్టలు నిండుగా, మెత్తగా ఉన్నాయి. మగవి లేవు. వలలో పడిన రెండూ తల ఆకారం చూస్తే విదేశీదానితో కలిసిన సంకరాలు. అవి పనికిరావు. ఆడవి మహా అయితే ఇంకో పది రోజులు ఆగుతాయి, ఆ తర్వాత గుడ్లు లోపలే కరిగిపోతాయి. రెండేళ్ళ పని ఒక్క మగచేప దగ్గర ఆగిపోయింది. నాకు ఇంట్లో అన్నం కూడా సహించలేదు.

అప్పుడు బాబాయిగారే అన్నారు. "మా ఇంటి దగ్గర ఒకడున్నాడండీ."

వెళ్ళి చూశాను. గేదెలు అమ్మేశాక ఖాళీగా ఉన్న కుడితి తొట్టిలో ఉందది. రెండేళ్ళ కిందట ఎవరిదో చెరువు ఎండగట్టి బ్లీచింగ్ చల్లబోతుంటే గట్టున పాకుతూ కనబడిందట. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి చంపబుద్ధి కాలేదట. లుంగీలో వేసుకుని తెచ్చుకున్నారు. మనం 'అది' అనే చేపను ఆయన 'ఆడు' అనేవారు. తొట్టి అంచు మీద వేలితో కొడితే మీసాలు ఆడించుకుంటూ పైకొచ్చేది. పొద్దున్న నాలుగు మెతుకులు, సాయంత్రం వానపాము. వాళ్ళావిడ, అంటే పిన్నిగారు, "నాకు కూడా ఇంత వేళకి పెట్టరండీ ఈయన," అని నాతో చెప్పుకున్నారు.

చూడగానే మగదని తెలిసింది. అసలు సిసలైన మార్పు. నాకు దాని మీసాలూ కనబడలేదు, ఆయన ముచ్చటా కనబడలేదు. లోపలి బీజమే కనబడింది.

"గురువారం తీసుకురండి బాబాయిగారూ. ముందు రెండు రోజులు తిండి పెట్టకండి," అన్నాను. పొట్ట ఖాళీగా ఉంటే పని శుభ్రంగా ఉంటుంది.

గురువారం పొద్దున్నే మూత కోసిన తెల్ల క్యాన్‌లో పెట్టుకుని, సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ తెచ్చారు. కుదుపులకు చేప బెదురుతుందని. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి నేను అప్పటికే షెడ్డులో ఉన్నాను. చేపను తొట్టెలో వదిలి, మీసాలు ఒకసారి చూసుకుని, ఆయన నావైపు తిరిగారు.

"శనివారం వచ్చి పట్టుకెళ్తానండీ. ఈలోగా తొట్టి కడిగి కొత్తనీళ్ళు పెడతాను."

నేను సెలైన్ కొలుస్తున్నాను. చేయి ఆగింది. ఆయనకి తెలియదని నాకు ఆ క్షణం దాకా తోచలేదు. తెలియాల్సిన అవసరమేముంది! ముప్ఫై ఏళ్ళు మగ బొచ్చెల్ని చేతుల మీద మోసి మళ్ళీ చెరువులో వదిలిన మనిషి. ఊళ్ళో దున్నపోతును గేదెకి దాటించడానికి తోలుకెళ్ళినా సాయంత్రానికి తెచ్చి కట్టేస్తారు. ఆయనా అలాగే ఇచ్చారు.

చెప్పొచ్చు. ఇంకా ఇంజెక్షన్ కూడా చెయ్యలేదు. "బాబాయిగారూ, దీన్ని కొయ్యాలండీ" అంటే సరిపోతుంది. కాదంటే? క్యాన్ ఎత్తుకుని వెళ్ళిపోతే? తొట్టెలో మూడు ఆడచేపలు పొట్టలు నింపుకుని ఉన్నాయి. ప్రాజెక్టు, రెండేళ్ళు, రిపోర్టు, నా పరువు, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి. పిల్లలకి నిజం చెప్పమని బోధించే నోరు మూసుకుని సెలైన్ కొలిచాను.

"అలాగే బాబాయిగారూ," అన్నాను. మౌనంగా ఉండి ఉంటే సగం తప్పే అయ్యేది. ఆ 'అలాగే' నేనే అన్నాను.

సాయంత్రం నాలుగింటికి ఇంజెక్షన్ చేశాను. మర్నాడు పొద్దున పదింటికి ఆడవాటి పొట్టలు నొక్కితే గోధుమరంగు గుడ్లు ట్రేలోకి జారాయి. మగదాన్ని తడిబట్టలో చుట్టి తలమీద కొట్టాను. కోశాను. లోపలి బీజం చిన్నది, తెల్లటిది, దారపుపోగులంత. నలిపి గుడ్ల మీద పోసి కోడి ఈకతో కలిపాను. ఒక మాట ఒప్పుకోవాలి. పనిలో ఉన్నంతసేపు చాలా సంతోషంగా ఉన్నాను. పనయ్యాక ఆ చేపను కాలేజీ ల్యాబులో పెడదామని ఫార్మలిన్ సీసాలో వేసి, చీటీ మీద శాస్త్రీయ నామం రాసి అంటించాను. అసలు మార్పు చేప స్పెసిమెన్ మా దగ్గర లేదు మరి.

శనివారం మధ్యాహ్నానికి గుడ్లు చిట్లాయి. ట్రే అడుగున ఆవగింజకు తోక మొలిచినట్టు వందలకొద్దీ పిల్లలు. తోకలు సన్నగా కొట్టుకుంటున్నాయి. అదే సమయానికి బాబాయిగారు క్యాన్‌తో వచ్చారు. క్యాన్ కడిగి, సగానికి కొత్తనీళ్ళు పట్టుకొచ్చారు.

ముందు పిల్లల్ని చూపించాను. కావాలనే ముందు అవి చూపించాను. ఆయన ట్రే మీదికి వంగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఎన్నాళ్ళైందండీ ఈటిని చూసి," అన్నారు. తర్వాత లేచి ఒక్కో తొట్టీ చూసుకుంటూ వెళ్ళారు. ఆడవి ఉన్న తొట్టి దగ్గర ఆగారు. మూడే ఉన్నాయి.

"ఆడేడండీ?"

చెప్పాను. మార్పు చేపకి ఇంకో దారి లేదని, ప్రపంచంలో ఎక్కడైనా ఇలాగే చేస్తారని, ఒక్క మగదానితో ఇన్ని వందలు పుట్టాయని, గబగబా పాఠం చెప్పినట్టు చెప్పాను. నేను చెబుతుండగానే ఆయన చూపు కిటికీ దగ్గర సీసా మీద పడింది. వెళ్ళి చూశారు. కోసిన పొట్ట ఇటువైపే ఉంది. దాన్ని అటు తిప్పి పెట్టాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది.

ఆయన కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండును.

"ముందే చెప్పినా ఇచ్చేవాణ్ణేనండీ," అన్నారు. "ఇంతమంది పుడతారంటే ఎందుకివ్వను? రెండ్రోజులు తిండి పెట్టొద్దన్నారు కదండీ. అంచు మీద వేలు పెట్టకపోయినా పైకొచ్చేసి చూసేవాడండీ. పెట్టలేదు. ఆఖరికి పస్తు పెట్టి పంపేను."

క్యాన్‌లో నీళ్ళు బయట కొబ్బరి మొక్క మొదట్లో పోసి, ఖాళీ క్యాన్ సైకిలుకి తగిలించుకుని వెళ్ళిపోయారు. ఈసారి సైకిలెక్కి తొక్కుకుంటూ వెళ్ళారు. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది గానీ, ఏడవడానికి నాకు అర్హత లేదనిపించింది. మర్నాడు చర్చిలో అందరితోపాటు పాడుతున్నాను, పెదాలు మాత్రమే కదులుతున్నాయి.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. పిల్లలకి మూడు రోజులు కడుపులోని పచ్చసొన సరిపోతుంది. ఆ తర్వాత ప్రాణమున్న తిండి కావాలి. చెరువు నీళ్ళలో కంటికి ఆనీ ఆనని పురుగులుంటాయి, వాటినే ప్లాంక్టన్ అంటారు, సన్నటి గుడ్డలో వడగట్టి పట్టాలి. ఏ చెరువులో ఏ పూట ఏ మూల దొరుకుతుందో నాకు తెలియదు. ఆ పని బాబాయిగారిది. నాలుగో రోజు నేను పట్టిన నీళ్ళలో పట్టుమని పది పురుగులు లేవు. తొట్టి మూలల్లో పిల్లలు చావడం మొదలైంది. ఆయనకి ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు.

ఐదో రోజు నేను వచ్చేసరికి షెడ్డు గుమ్మంలో బకెట్టు ఉంది. లోపల గంజి కలిపినట్టు చిక్కగా ప్లాంక్టన్.

"తెల్లారగానే పెద్దాయనొచ్చి పెట్టి వెళ్ళారండీ," అన్నాడు వాచ్‌మన్. "మీరొచ్చే టయానికి ఉండనన్నారు."

ఆ రోజు నుంచి నలభై రోజులు బకెట్టు వచ్చింది. మనిషి రాలేదు. అంటే నాకు కనబడలేదు. నేను ఒకసారి పెందలాడే వెళ్దామనుకుని, ఆయన వద్దనుకున్న చోటికి వెళ్ళడం కూడా దొంగతనమేననిపించి మానుకున్నాను. వందల్లో సగానికి పైగా పోయాయి. మిగిలినవి మీసాలతో, నల్లగా, చిటికెనవేలంత అయ్యాయి. చాలావాటిని లెక్క ప్రకారం బోదెల్లో వదిలాం. నలభైని వేరు చేసి వాచ్‌మన్‌తో బాబాయిగారి ఇంటికి పంపాను. పుచ్చుకున్నారని తెలిసింది. మాటేమీ రాలేదు.

ఈ ఏడు మళ్ళీ జూలై వచ్చింది. ఉండి ఊరి వైపు బోదెల్లో నాలుగు ఆడచేపలు దొరికాయి. మగవి మళ్ళీ లేవు. వదిలినవి ఎక్కడెక్కడున్నాయో ఇంకా వలకి తగల్లేదు. బాబాయిగారి దగ్గర ఉన్నవాటిలో మగవి ఉంటాయి, ఏడాదికి అవి ఈడుకొస్తాయి. వేరే ఊరి ఆడవి గనక అన్నాచెల్లెళ్ళను కలిపిన దోషమూ ఉండదు. వాచ్‌మన్‌తో కబురు చేశాను. ఆయన తిరుగు కబురు చేశారు.

"మగవి ఉన్నాయంట. కావాలంటే మిమ్మల్నే వచ్చి అడగమన్నారండీ," అన్నాడు వాచ్‌మన్.

వెళ్ళాను. గట్టు మీద ఆటో వెళ్ళదు, కిలోమీటరు నడిచాను. అడగందే అమ్మైనా పెట్టదని నాకు నేను చెప్పుకుంటూ నడిచాను గానీ, కష్టం అడగడం కాదు, కిందటేడు దాచినది ఒప్పుకోవడం. ఇంటి పక్క చిన్న గుంట తవ్వి, కొంగలు వాలకుండా పైన పాత వల కట్టి ఉంది. పిన్నిగారు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు. బాబాయిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఏడాదిలో ఇంకాస్త వంగిపోయారు.

"రండమ్మా," అన్నారు. అంతకుముందు 'మేడంగారు' అనేవారు.

నేను కూర్చోలేదు. "బాబాయిగారూ, రెండు మగవి కావాలి. పొట్ట కోస్తాను. అవి చచ్చిపోతాయి. తిరిగి ఇవ్వలేను. కిందటేడు ఇది ముందు చెప్పకపోవడం మర్చిపోయి కాదు. మీరు ఇవ్వరేమోనని భయపడి చెప్పలేదు. నన్ను క్షమించండి."

ఆయన లేచి, గుంట మీద వల ఒక మూల విప్పి, చేతివల లోపల వేసి పైకి ఎత్తారు. ఏడెనిమిది చేపలు ఒకదాని మీద ఒకటి పడుతూ మెలికలు తిరిగాయి. వాటిల్లోంచి రెండు మగవాటిని ఏరి నా క్యాన్‌లో వేశారు. ముళ్ళు అలాగే ఉన్నాయి. తర్వాత చారెడు మెతుకులు తెచ్చి క్యాన్‌లో చల్లారు. నేను వద్దనలేదు. ఇంజెక్షన్ రెండు రోజులు ఆలస్యమైతే అయిందిలే అనుకున్నాను.

అవి తినడం అయ్యేదాకా ఇద్దరం నిలబడ్డాం. మళ్ళీ ఏమంటారోనని నాకు భయంగానే ఉంది.

"ఆడొక్కడే ఉన్నప్పుడు ఆడు నాకు తెలిసేవాడండీ," అన్నారు. "ఇప్పుడు ఇన్నున్నాయి కదా. ఏది ఏదో నాకూ తెలీదండీ. పట్టుకెళ్ళండి."